ఓరిన్ బావకి రావలసిన కిస్తీ

హార్లో జంక్షన్, వెర్మాంట్
ఫిబ్రవరి 9

ఒడీల్ అక్కకి,

నువ్వు పంపిన ఎండుమిరపకాయల దండ అందింది. వంటింట్లో మేకుకి తగిలించాను. చూడ్డానికి బాగుంది గానీ తినే ధైర్యం లేదు. ఒక్క కాయ తుంచి బఠాణీ సూపులో వేస్తే ముక్కూ కళ్ళూ ఏకమయ్యాయి. అమ్మ బతికుంటే ఆ గిన్నె పెరట్లో పారబోసి నన్ను చర్చికి తరిమేది.

ఇంక ఫోన్ చేయకు అక్కా, ఉత్తరమే రాయి. ముప్పై ఏళ్ళు స్టీలు రేకుల మీద సుత్తి దెబ్బలు విన్నాక నా ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిచెవి దానికి బుద్ధి పుట్టినప్పుడు వింటుంది. మొన్న నువ్వు "ఎలా ఉన్నావు" అంటే నాకు "ఎలుక ఉందా" అని వినిపించి మంచం కింద వెతికాను.

ఇక్కడ చలి లేదు. ఫిబ్రవరిలో చొక్కా చేతులు మడుచుకుని తిరుగుతున్నారు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగితేనే కదా మేపుల్ చెట్టు రసం వదిలేది. రసం లేకపోతే రైతులు పాకం కాచేదేముంది, మన ఫ్యాక్టరీలో పెనాలు కొనేదేముంది? ఎమ్మెట్ ముఖం చూస్తే జాలేస్తోంది. మేనేజరై బావ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి ఆ అబ్బాయికి జుట్టు నెరిసిపోతోంది.

కొత్తగా చేరిన ఇద్దరికి మన ట్రస్టు సంగతి చెప్పే పని నాకు అప్పగించారు. ఇలా చెప్పాను, బావని వాళ్ళ ముందు చాఫీ గారనే అన్నానులే: చాఫీ గారు రిటైరవుతూ ఫ్యాక్టరీని పనివాళ్ళకే అమ్మారు. మన దగ్గర అంత డబ్బెక్కడిది? అందుకని మనందరి కోసం ఒక ట్రస్టు పెట్టారు. ఆ ట్రస్టు అప్పు చేసి షేర్లన్నీ కొంది. అప్పులో సగం బ్యాంకు ఇచ్చింది, మిగతా సగం తనకి మెల్లగా కట్టమని చాఫీ గారే వదిలారు. ఫ్యాక్టరీ తన సంపాదనలోంచి ఏటా కిస్తీలు కడుతుంది. అప్పు తీరుతున్నకొద్దీ షేర్లు మన పేర్ల మీదికి వస్తుంటాయి. మన జీతంలో సెంటు కూడా కోయరు.

అంతా విని ఒకడు, "అయితే మనం ఓనర్లమా, బాకీదార్లమా?" అన్నాడు. రెండూనని చెప్పాను. ఇల్లు కొనుక్కున్న ప్రతివాడూ అంతే కదా.

బావ ఒక్క ముక్క కూడా రాయడేం? రెండేళ్ళకే మమ్మల్ని మరిచిపోయాడా?

డెల్ఫీన్

*

పియెద్రా స్ప్రింగ్స్, న్యూ మెక్సికో
ఫిబ్రవరి 21

చెల్లీ,

మీ బావ బాగానే ఉన్నాడు. ఇక్కడి ఎండకి మోకాళ్ళు కాస్త వదులయ్యాయి. రాయమంటే రేపు రాస్తాలే అంటాడు. నీకు తెలుసుగా, ఆయన పెనం మీద గీత గీసినంత ఇష్టంగా కాగితం మీద ఎప్పుడూ గీయలేదు.

నిన్న నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. ఎమ్మెట్ జుట్టు నెరిసిందంటే నవ్వాడు. ఫ్యాక్టరీ అమ్మిన కొత్తలో రోజూ పొద్దున్నే వెళ్ళి ఆ అబ్బాయి వెనక నిలబడేవాడు, గుర్తుందా? ఎమ్మెట్ సంతకం పెట్టబోతే పక్కనుంచి దగ్గేవాడు. యజమాని ఊళ్ళో ఉన్నంతకాలం కొత్తవాళ్ళకి ఊపిరాడదని నేనే ఈ ఎడారికి లాక్కొచ్చాను. మోకాళ్ళ నొప్పులన్నది వంక. ఆ మాట ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇక్కడ మనుషులు మంచివాళ్ళు. పక్కింటి సొలెదాద్ వారానికోసారి పచ్చిమిరపకాయల పులుసు తెచ్చిస్తుంది. మీ బావ చెమటలు కక్కుతూ గిన్నె నాకేస్తాడు.

మే కిస్తీ రాగానే స్నానాలగది బాగు చేయించాలి. గోడకి పట్టుకునే కమ్మీలు పెట్టించాలి. నా నడుం మునుపటిలా లేదు. చలి లేదని దిగులు పడకు. మార్చి ఇంకా ఉంది.

నీ అక్క
ఒడీల్

*

హార్లో జంక్షన్
ఏప్రిల్ 3

అక్కా,

మార్చి కూడా అయిపోయింది. రసం రెండు వారాలు కారి ఆగిపోయింది. చెట్లు అప్పుడే చిగురు వేశాయి. పెద్ద పెనం కొంటానని మాటిచ్చిన రైతులు పాతదానికి మాటు వేయించుకుని వెళ్తున్నారు. ఆ మాట్లన్నీ రోవేనా వేస్తోంది. టాట్రో వాళ్ళ రోవేనా, మా వెల్డరు. నువ్వు వెళ్ళే ముందు చేరిందే, నోరు పెద్దది, చేయి బంగారం. "నా వెల్డింగు ఇంత బాగుండడమే మన కొంప ముంచుతోంది డెల్ఫీన్, ఈ పెనాలు ఇంకో ఇరవై ఏళ్ళు చెక్కుచెదరవు" అంటోంది.

పోయిన వారం ఒహాయో నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. పాల ఫ్యాక్టరీలకి యంత్రాలు చేసే పెద్ద కంపెనీ తరఫున. మంచి కోటు, మెత్తటి బూట్లు. షెడ్డంతా తిరిగి చూసి, మాతోపాటు నిలబడి డోనట్లు తిని, అందర్నీ పేరుపేరునా పలకరించి వెళ్ళాడు. ఒక్క పేరు తప్పలేదు. అంత జ్ఞాపకం ఉన్నవాణ్ణి చూస్తే నాకు భయం. వాళ్ళు మొత్తం ఫ్యాక్టరీని కొంటారట. పనివాళ్ళ తరఫున మాట్లాడడానికి ముగ్గురితో కమిటీ వేసి అందులో నన్నూ పెట్టారు. చెవిటిదాన్ని ఎందుకురా అంటే, బేరాల్లో అదే మంచిదన్నాడు ఎమ్మెట్.

ఇంకో సంగతి రాద్దామనుకున్నాను. పోస్టు తీసుకెళ్ళే టైమైంది. తర్వాత రాస్తాను.

బావ మోకాళ్ళు జాగ్రత్త.

డెల్ఫీన్

*

పియెద్రా స్ప్రింగ్స్
మే 12

డెల్ఫీన్‌కి,

ఫ్యాక్టరీ నుంచి కాగితం వచ్చింది. ఈ ఏడు ఓరిన్ చాఫీకి చెల్లించవలసిన కిస్తీ నిలిపివేయడమైనదట. కింద ఎమ్మెట్ సంతకం. "మీ సహనానికి కృతజ్ఞతలు" అని ఒక ముక్క.

ఎమ్మెట్ మీద నాకేం కోపం లేదు. వాడి పని వాడు చేశాడు. ఏప్రిల్లో నువ్వు రాసిన ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. డోనట్ల గురించి రాశావు. మెత్తటి బూట్ల గురించి రాశావు. పోస్టు టైమైందన్నావు.

నీకు అప్పటికే తెలుసు కదా.

ఒడీల్

*

హార్లో జంక్షన్
మే 18

అక్కా,

తెలుసు. ఆ మీటింగులో నేనున్నాను. చేయెత్తినవాళ్ళలో కూడా ఉన్నాను.

బ్యాంకు అప్పిచ్చినప్పుడే షరతు పెట్టింది. సంపాదన పడిపోయిన ఏడు ముందు వాళ్ళ కిస్తీ కట్టాలి, మిగిలితేనే బావది. ఈ ఏడు మిగల్లేదు. బావది కూడా కట్టాలంటే నలుగురిని పనిలోంచి తీసేయాలి. ఆ నలుగురి పేర్లు ఎమ్మెట్ చదివాడు. అందరికంటే తర్వాత చేరినవాళ్ళు. రోవేనా పేరు కూడా ఉంది, ఆమెకి ఇద్దరు పిల్లలు. నేను చేయెత్తాను. ఇంటికొచ్చి నీకు రాద్దామని కూర్చున్నాను. కూర్చుని డోనట్ల గురించి రాశాను.

ఎందుకలా చేశానో నాకే సరిగా తెలియదు. నువ్వు యజమాని భార్యవి, నేను ఆయన దగ్గర రేకులు వంచేదాన్ని. నీ భోజనాల బల్ల దగ్గర ఫ్యాక్టరీ మాట ఎత్తకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. వారమంతా ఆయన చాఫీ గారు, ఆదివారం బావ. ముప్పై ఏళ్ళు అలాగే గడిపాను. ఆ రెండూ ఒకే ఉత్తరంలో రాయడం నాకు చేతకాలేదు.

మీకేం లోటు ఉండదులే, ఒక ఏడు ఆగగలరులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది కూడా నిన్ను అడక్కుండానే అనేసుకున్నాను.

తిట్టు, పడతాను. కానీ ఉత్తరం పైన "డెల్ఫీన్‌కి" అని రాయకు.

నీ చెల్లి

*

పియెద్రా స్ప్రింగ్స్
జూన్ 20

చెల్లీ,

నెల రోజులు రాయలేదు. కోపంతో కాదు. నువ్వు దాచావని నిన్ను నిలదీశాక నేను దాచింది నా గొంతుకి అడ్డం పడింది.

మీ బావకి మతి తప్పుతోంది డెల్ఫీన్. పోయిన శరత్కాలం నుంచి. మొదట కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టేవాడు, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. తర్వాత నవ్వడం మానేశాం. ఇప్పుడు రోజూ పొద్దున్నే లేచి బూట్లు కట్టుకుని, తన భోజనం డబ్బా తనే సర్దుకుని ఫ్యాక్టరీకి బయల్దేరతాడు. కారు తాళాలు దాచేశాను. నడిచి వెళ్తాడు. రోడ్డు చివర ఒక టైర్ల షాపు ఉంది. అందులోకి వెళ్ళి వాళ్ళ పనికి వంకలు పెడతాడు. ఆ కుర్రాళ్ళు మంచివాళ్ళు, ఆయనకి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి నాకు ఫోన్ చేస్తారు.

ఫ్యాక్టరీ అమ్మిన సంగతి ఆయనకి గుర్తు లేదు. శుక్రవారం వచ్చిందంటే, "జీతాలిచ్చామా ఒడీల్?" అంటాడు. ఇచ్చామంటాను. అంతే, నిశ్చింతగా పడుకుంటాడు. ఒకసారి నిజం చెప్పి చూశాను. ఎవరో పోయినట్టు కూలబడ్డాడు. ఇంకెప్పుడూ చెప్పలేదు.

ఇక్కడ ఇలాంటివాళ్ళని చూసుకునే హోమ్ ఒకటుంది. శుభ్రంగా ఉంది, పాటలు పాడిస్తారు. చేర్చాలంటే ముందే పెద్ద మొత్తం కట్టాలి. మే కిస్తీ అందుకోసమే చూస్తున్నాను. స్నానాలగది, నా నడుం, అవన్నీ కల్పన. కమ్మీలు ఆయన పడిపోకుండా.

నీకెందుకు చెప్పలేదంటే, ఊళ్ళో అందరూ ఆయన్ని ఇంకా ఆ పాత ఓరిన్ చాఫీగానే తలుచుకుంటున్నారు. ఆయన్ని అలా తలుచుకునేవాళ్ళు ఎక్కడో ఒకచోట ఉన్నారనుకుంటే నాకు బలంగా ఉండేది.

అక్క

*

హార్లో జంక్షన్
జూలై 5

ఒడీల్ అక్కా,

నీ ఉత్తరం ఫ్యాక్టరీ భోజనాల వేళ విప్పాను. చదివి అలాగే కూర్చుండిపోతే రోవేనా వచ్చి ఏమైందంది. ఏమీ లేదన్నాను. ఆమె నమ్మలేదు గానీ నా వంతు రేకులు కూడా తనే మడిచింది.

కమిటీలోంచి తప్పుకున్నాను. బేరం కుదిరితే డబ్బు ముట్టేది మా బావకే కాబట్టి నేను అక్కడ కూర్చోవడం బాగుండదని చెప్పాను. కారణం అంతవరకే చెప్పాను. ఆయన ఆరోగ్యం మాట ఎత్తలేదు.

ఒహాయో వాళ్ళు ధర రాసిచ్చారు. దాంతో బ్యాంకు అప్పు, బావ అప్పు రెండూ ఒక్కసారిగా తీరిపోతాయి. మాకూ తలా కొంత వస్తుంది. ఫ్యాక్టరీని రెండేళ్ళు ఇక్కడే నడుపుతామంటున్నారు. ఆ తర్వాత పరిస్థితిని బట్టి అంటున్నారు. ఆ మాటకి అర్థం ఏమిటో మా షెడ్డులో పిల్లికి కూడా తెలుసు. అమ్మాలా వద్దా అని మేమంతా ఈ నెల పద్దెనిమిదిన ఓటు వేయాలి. రహస్య ఓటు. అదయ్యాక ట్రస్టు చూసే బర్లింగ్టన్ ఆవిడ చివరి మాట చెబుతుంది.

నేను అమ్మమనే వేస్తాను. నువ్వు వాదించకు. ఆ షెడ్డు నాకు ఎంతో నీకు తెలుసు. మా ఆయన జార్జి పోయినప్పుడు నేను పిచ్చిదాన్ని కాకుండా కాపాడింది ఆ సుత్తి చప్పుడే. అయినా పెనాలు ఇంకెవరైనా చేస్తారు. నాకున్న అక్కవి నువ్వొక్కదానివే.

బావని రోజూ అంత దూరం నడవనీయకు. టోపీ పెట్టు. అక్కడి ఎండ మన ఎండ కాదు.

చెల్లి

*

పియెద్రా స్ప్రింగ్స్
జూలై 14

చెల్లీ,

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. ఇది నీకు ఓటు వేసే లోపల అందుతుందో లేదో. అందితే నా మాట విను. అమ్మవద్దని వెయ్యి.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. మీ ట్రస్టుకి అమ్మకముందు కూడా ఇలాగే ఒక కంపెనీ వచ్చింది. మీరిచ్చిన దానికంటే చాలా ఎక్కువ ఇస్తామంది, అదీ ఒకేసారి. నేను తీసుకోమన్నాను. అవును, నేనే. జీవితమంతా రేకుల దుమ్ములో గడిపావు, ఇక చాలు, డబ్బు తీసుకుని పోదాం పద అన్నాను. వారం రోజులు మాట్లాడుకోలేదు. చివరికి ఆయన ఏమన్నాడో తెలుసా?

"నలభై ఏళ్ళుగా పర్లీ కుర్చీలో కూర్చుని గడ్డం గీయించుకుంటున్నాను ఒడీల్. ఇది అమ్మి, వాళ్ళు మూసేశాక, అదే కుర్చీలో కూర్చుని పర్లీతో ఏం మాట్లాడను?"

అంతే. పెద్ద పెద్ద మాటలేం కావు. మంగలి ముందు తలెత్తుకోవడం కోసం సగం ధర అప్పుగా వదిలేశాడు. అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు ఆయనకి పర్లీ పేరు గుర్తు లేదు. ఆయన మరిచిపోయాడు కాబట్టి ఆ మాట చెల్లదంటే నేను ఒప్పుకోలేను. ఆయన బదులు గుర్తుపెట్టుకోవడమే ఇప్పుడు నా కాపురం.

నా గురించి నువ్వు దిగులుపడకు. ఏదో దారి చూస్తాను.

అక్క

*

హార్లో జంక్షన్
జూలై 20

అక్కా,

నీ ఉత్తరం పంతొమ్మిదిన వచ్చింది.

ముందు ఓటు సంగతి. పెనాల మీద మూతలు పరిచి బల్లల్లాగా చేశారు. ఎమ్మెట్ లేచి నాలుగు మాటలు చెప్పాడు. జున్ను చేసేవాళ్ళు తొట్లు కావాలని అడుగుతున్నారట, కొండకవతల ఇద్దరు అప్పుడే బయానా ఇచ్చారట. ఇంకో రెండేళ్ళు బిగించి ఉంటే గట్టెక్కుతామన్నాడు, మాట మాత్రం ఇవ్వలేనన్నాడు. తర్వాత అందరూ చీటీలు వేశారు. లెక్కపెట్టేటప్పుడు షెడ్డులో ఒక్క చప్పుడు లేదు. నా చెవిటితనం వల్ల అనుకున్నాను, కాదట.

ముగ్గురు తప్ప అందరూ అమ్మవద్దన్నారు. బర్లింగ్టన్ ఆవిడ కూడా లెక్కలన్నీ చూసుకుని, సరే మీ మాటే నా మాట అంది.

ఆ ముగ్గురిలో నేనొకదాన్ని.

ఫలితం చెప్పగానే అందరూ ఒకరినొకరు వాటేసుకున్నారు. ఎమ్మెట్ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వున్నావన్న ధైర్యంతోనే నిలబడ్డాం డెల్ఫీన్" అన్నాడు. వినబడనట్టు ఊరుకున్నాను. జీవితంలో మొదటిసారి నా చెవులకి దండం పెట్టుకున్నాను.

ఓడిపోయినందుకు ఇంత హాయిగా ఉంటుందని అనుకోలేదు. నా మనసుకి నచ్చనిది నీ కోసం చేశాను, నా మనసుకి నచ్చిందే జరిగింది. కానీ నీ చేతికి డబ్బు రాలేదు. దాని గురించి నాకేం తోచడం లేదు. నా దగ్గర బ్యాంకులో కొంచెం ఉంది, పంపుతాను, వద్దనకు.

ఈ సంగతి నీకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

చెల్లి

*

పియెద్రా స్ప్రింగ్స్
ఆగస్టు 11

చెల్లీ,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానో అంత ఏడ్చాను. సొలెదాద్ కంగారుపడి వాకిట్లోకి వచ్చింది. నా చెల్లెలు నా కోసం తప్పు ఓటు వేసి ఓడిపోయిందని చెప్పాను. అలాంటి చెల్లి ఉంటే ఈ ఎడారిలో ఏం చేస్తున్నావంది.

ఆ మాట నన్ను వదల్లేదు.

ఇంతకాలం మీ బావ ఊళ్ళో ఉంటే ఎమ్మెట్‌కి ఊపిరాడదని దూరంగా ఉన్నాం. ఇప్పుడు ఆయన ఎవరి వెనకా నిలబడి దగ్గే మనిషి కాదు. పొద్దున లేచి వెళ్ళడానికి ఆయనకో చోటు కావాలి, అంతే. ఇక్కడ టైర్ల షాపే దొరికింది. అక్కడ నిజమైనది ఉంది. నీ ఇంట్లో కింది గది ఖాళీగా ఉందని నాకు తెలుసు. అద్దె ఇస్తాను. గొడవ పడకు, ఇస్తాను. ఇక్కడి ఇల్లు అమ్ముతున్నాను. ఆ డబ్బుతో పగటిపూట సాయానికి మనిషిని పెట్టుకోగలం. నీ బ్యాంకు డబ్బు జోలికి వెళ్ళావంటే నీతో మాట్లాడను.

ఇంకొకటి. ఆయన తరఫున సంతకం పెట్టే హక్కు నాకుంది. కిస్తీలు సగం చేసి గడువు పొడిగించమని ఎమ్మెట్‌కి రాశాను. లాయరు కళ్ళజోడు తీసి మరీ నన్ను చూశాడు. ఇది దానం కాదని చెప్పాను. వడ్డీతో సహా ప్రతి సెంటూ తీసుకుంటాను, తొందర లేదంతే. మీ షేర్లు మీ పేర్ల మీదికి రావడం కాస్త ఆలస్యమవుతుంది, మీరూ ఓపిక పట్టండి. సంతకం పెట్టే ముందు మీ బావని అడిగాను. ఏం అర్థమైందో తెలియదు. "మనవాళ్ళేగా" అన్నాడు.

ఆయన్ని చూసి నువ్వు బెదరకూడదు. నీ పేరు అనకపోవచ్చు. నేను ఫలానా, గుర్తులేదా అని అడగకు, సిగ్గుపడతాడు. ఏదైనా పని చేతికివ్వు. చేతులు ఏవీ మరిచిపోలేదు.

అక్టోబరు మొదట్లో వస్తాం.

అక్క

*

హార్లో జంక్షన్
సెప్టెంబరు 9

అక్కా,

కింది గదికి సున్నం వేయించాను. స్నానాలగదిలో కమ్మీలు రోవేనా పెట్టింది. మామూలు కమ్మీలు కావు, పెనాలు చేసే స్టీలుతో తనే వంచి చేసింది. ఏనుగు పట్టుకు వేలాడినా ఊడవు. డబ్బులిస్తానంటే, "మా అప్పులాయనకి ఆ మాత్రం చేయకపోతే ఎలా" అంది.

అందరికీ చెప్పేశాను. నీకు ఇష్టం ఉంటుందో లేదోనని భయపడ్డాను గానీ, ఆయన వచ్చాక తెలిసి తడబడడం కంటే ముందే తెలియడం నయం. ఎమ్మెట్ మాత్రం, ఆయన వచ్చి ఇది చెయ్యి అది చెయ్యి అని ఆర్డర్లు వేస్తే ఏం చేయాలి అన్నాడు. పాపం, వాడికి ఇప్పటికీ ఆ దగ్గు వినబడుతోంది. నేను జవాబు చెప్పేలోపే రోవేనా అందుకుంది. "సరేనండి అందాం. అని, మన పని మనం చేసుకుందాం. మా మామగారితో నేను పన్నెండేళ్ళు అలాగే గడిపాను."

వేడి తగిలే చోటికి వెళ్ళకుండా ఎవరో ఒకరు ఆయన పక్కన ఉండేట్టు వంతులు వేసుకున్నారు. నేనేం చెప్పలేదక్కా, వాళ్ళే.

జున్ను తొట్లకి ఇంకో ముగ్గురు అడిగారు. నా మోకాలికి ఆపరేషన్ తప్పదంటున్నారు. జనవరిలో చేయించుకుంటాను, ఎలాగూ నువ్వు ఇంట్లో ఉంటావు కదా. చూశావా, నిన్ను రప్పించుకోవడంలో నా స్వార్థం కూడా ఉంది.

తొందరగా రా. ఆకులు రంగు తిరుగుతున్నాయి.

చెల్లి

*

హార్లో జంక్షన్
జనవరి 23

చెల్లీ,

బర్లింగ్టన్ ఆస్పత్రి తిండి బాగా లేదని నర్సులతో పోట్లాడుతున్నావట. ఎమ్మెట్ చెప్పాడు. వాళ్ళు చెప్పినట్టు మోకాలు వంచు, నీ రేకుల్ని వంచినంత శ్రద్ధగా. ఆదివారం పంది మాంసం కూరిన పై రొట్టె కాల్చి పంపుతాను. నీకు ఇక్కడి సంగతి రాయకుండా ఉండలేక కూర్చున్నాను.

ఇన్నాళ్ళూ నువ్వే కదా మీ బావని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళేదానివి. నువ్వు లేవని ఈ వారం నేను తీసుకెళ్తున్నాను. బయట మోకాలి లోతు మంచు. రైతులంతా ఈసారి రసం బాగా కారుతుందని సంబరపడుతున్నారు, షెడ్డులో పని ఒకటే సందడిగా ఉంది. మంగళవారం నాడు ఆయన గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఆ చోటేమిటో ఆయనకి తెలియలేదు. ఎప్పుడూ అలా జరగలేదు. ఇక ఇది కూడా పోయిందనుకున్నాను.

కానీ వెనక్కి తిరగలేదు. కొత్త చోటికి వచ్చిన మనిషిలా టోపీ తీసి చేత్తో పట్టుకుని, మర్యాదగా లోపలికి నడిచాడు. రోవేనా ఒక పెనం అంచు అతికి అప్పుడే ముఖానికున్న ముసుగు ఎత్తింది. ఈయన ఆ అతుకు చల్లారేదాకా ఆగి, దాని వెంట బొటనవేలు పోనిచ్చాడు. మొత్తం అంచు చివరిదాకా. తర్వాత అడిగాడు.

"ఇక్కడ యజమాని ఎవరమ్మా?"

రోవేనా నా వైపు చూసింది. ఆ అమ్మాయి చేతి తొడుగు తీసి చేయి చాపింది.

"నేనేనండి. నేనూ, ఇదిగో వీళ్ళూ."

ఆయన చేయి కలిపాడు. "పని బాగుంది" అన్నాడు. కాసేపు టోపీ అంచు తిప్పుతూ నిలబడి, "నాకిక్కడ ఏదైనా పని దొరుకుతుందా? రేకు పని వచ్చు. టైముకి వస్తాను" అన్నాడు.

ఆయన తండ్రి పోయినప్పుడు కూడా ఆ గొంతు అంత మెత్తగా నేను వినలేదు. ఎమ్మెట్ అటు తిరిగి గోడవైపు చూస్తున్నాడు. రోవేనా మాత్రం ముఖం గట్టిగా పెట్టుకుని, "రేపు ఏడింటికి రండి. ఆలస్యమైతే ఊరుకోను" అంది.

ఇంటికొచ్చి కోటు విప్పుతూ, "ఒడీల్, నాకు ఉద్యోగం దొరికింది" అన్నాడు.

నేను ఆయన్ని దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకున్నాను. చాలా సంతోషంగా ఉందన్నాను. పొద్దున్నే లేవాలని దీపాలు పెట్టగానే పడుకున్నాడు.

నీ అక్క
ఒడీల్